మూత మీది చుక్కలు

మార్చి 17

కొండకి వెళ్ళే మాట ఇంట్లో పైకి అనకూడదు. కొండ దేవత వింటుంది. మా అకితా కొండల వేటగాళ్ళకి ఇది ఉగ్గుపాలతో వచ్చిన సంగతి. అందుకని రాస్తున్నాను. నాలుగో తరగతి చేతిరాత. ఎవడూ చదవక్కర్లేదు.

వెళ్తాను. ఒక రాత్రి అక్కడే ఉంటాను. నా కొడుకు హరువోని తీసుకొస్తాను.

మార్చి 18

ప్లాన్ ఇది. తెల్లారగానే బయల్దేరాలి. రాత్రి చలికి మంచు పైపొర బండలా బిగిసి ఉంటుంది, ఉత్త బూట్లతో నడిచిపోవచ్చు. ఎండెక్కితే మెత్తబడుతుంది. అప్పుడు బూట్ల కింద కంజికి, ఆ కొమ్మల చట్రాలు, కట్టుకోవాలి, లేకపోతే నడుం దాకా దిగబడతాం. ఇంకా ఎండెక్కితే లోయలోకి మంచు జారుతుంది. ఆ వేళకి శిఖరం కింద ఉన్న వేటగాళ్ళ గుడిసెలో ఉండాలి. రాత్రి అక్కడ. మర్నాడు పొద్దున మంచు మళ్ళీ బిగిశాక లోయలోకి దిగాలి.

ఫిబ్రవరిలో హరువో కుందేళ్ళకని వెళ్ళింది ఆ లోయకే. వెనకే తుఫాను వచ్చింది. హెలికాప్టర్ తిరిగింది. ఊరంతా తిరిగింది. మంచు కరిగాక చూద్దాం అన్నారు. కరిగాక చూడ్డానికి ఏముంటుంది? అడుగున వాగుంది. పొంగితే దేన్నీ ఉంచదు.

మార్చి 21

అటక మీంచి కంజికిలు దించాను. పచ్చి కొమ్మలు వేడినీళ్ళలో నానేసి, వంచి, గుండ్రంగా నేనే కట్టినవి. హరువో కట్టుకెళ్ళినవీ నేను చేసినవే. నా ముడి ఊడదు. తాళ్ళు మారుస్తుంటే నా పెళ్ళాం కిను వచ్చి నిలబడింది.

కుందేళ్ళకా, అంది. ఊఁ అన్నాను. ఒక్కడివి వెళ్తూ ముగ్గురి పులుసుకి సరిపడా మిసో ముద్ద మూట కట్టావేం, అంది. నా ఇష్టం అన్నాను. ఆ కొండకి ఒకడు చాలలేదటయ్యా, అంది. నోర్ముయ్ అన్నాను. వాడు వస్తాడు అన్నాను.

కిను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ఎత్తి కుదేసింది.

మార్చి 22

కిను రోజూ హరువోకి పళ్ళెం పెడుతుంది. అన్నం, పులుసు, ముల్లంగి ఊరగాయ. దారిలో ఉన్నవాడికి అలా పెట్టాలి. ఇక్కడ పెడితే అక్కడ ఆకలెయ్యదు. కాసేపాగి గిన్నె మూత తీసి చూడాలి. లోపల నీటి చుక్కలుంటే మనిషి క్షేమం.

రోజూ చుక్కలున్నాయి.

వేడన్నం మీద మూత పెడితే చుక్కలు పట్టక చస్తాయా. నాకు తెలుసు. అయినా రోజూ మూత నేనే తీస్తాను.

మార్చి 25

యోషిమత్సు ఇంటికి వెళ్ళాను. వాడికి వేట నేర్పింది నేనే అయినా, ఇప్పుడు మా వేట జట్టుకి పెద్ద వాడే. కొండకి ఒంటరిగా పోకూడదు. రారా అన్నాను.

పెద్దన్నా, నీ మోకాళ్ళ చప్పుడికి నిద్రపోతున్న ఎలుగులన్నీ లేస్తాయి, అన్నాడు. లేస్తే నీ మొహం చూసి మళ్ళీ పడుకుంటాయిలే అన్నాను. నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

మీ ఇంట్లో మైల లేదు కదా, అన్నాడు.

అడగాలి. జట్టు పెద్దగా అడిగి తీరాలి. చావు మైల ఉన్న ఇంటివాడు ఏడాది దాకా కొండ ఎక్కకూడదు. ఎక్కితే వెంట వచ్చినవాడికీ ముప్పే. కానీ నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఎవడు చచ్చాడ్రా అన్నాను. అగరొత్తి వెలిగిందా? చచ్చినవాడికి పెట్టినట్టు అన్నంలో తినే పుల్లలు నిలబడ్డాయా? వాళ్ళమ్మ రోజూ వాడికి వడ్డిస్తోంది, వచ్చి చూసుకో అన్నాను.

వదిన వడ్డిస్తున్నంత కాలం మైల లేనట్టే, వస్తాను, అన్నాడు.

మార్చి 29

వాన. మంచు బిగియలేదు.

మార్చి 30

వాన.

ఏప్రిల్ 2

ఆకాశం శుభ్రంగా ఉంది. రాత్రికి గడ్డకడుతుంది. రేపే.

బ్యాగులో తాడు, పార, దుప్పట్లు, మిసో, అన్నం ముద్దలు పెట్టాను. హరువో ఉన్ని కోటు. వాడికి పొడి మేజోళ్ళు. వాడివి ఎప్పుడూ తడిసిపోతాయి, చిన్నప్పట్నుంచీ అంతే.

యోషిమత్సు మంచుబండి లాక్కొస్తానన్నాడు. ఎందుకురా, వాడు నడిచే వస్తాడు అన్నాను. సామాన్లకి పెద్దన్నా, అన్నాడు.

ఏప్రిల్ 3, పొద్దున

బూట్లు వేసుకుని లేచాను. యోషిమత్సు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. లోపలికి చూస్తున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

హరువో పళ్ళెం. గిన్నెకి మూత లేదు. అన్నం గోపురంలా పోసి ఉంది. మధ్యలో వాడు తినే పుల్లలు రెండూ నిలువుగా గుచ్చి ఉన్నాయి. పక్కన అగరొత్తి పొగ.

తియ్యి అన్నాను. కిను కదల్లేదు. తియ్యవే అని అరిచాను. నువ్వు తియ్యి, అంది.

చెయ్యి చాపాను. చచ్చినవాడికి పెట్టిన అన్నంలోంచి పుల్లలు ఎవడు తీస్తాడు. నా చెయ్యి అక్కడిదాకా వెళ్ళలేదు.

యోషిమత్సు వంగి దణ్ణం పెట్టాడు. నా బ్యాగు అడిగాడు. ఇచ్చాను. మా తమ్ముణ్ణి లేపుకుని వెళ్తాను, వాళ్ళింట్లో మైల లేదు, అన్నాడు.

వాడు వెళ్ళాక కిను నా ముందు పులుసు పెట్టింది. చల్లారిపోతుంది, తాగు, అంది. నా మొహం చూడలేదు. గిన్నె మీద మూత ఉంది. తీశాను. చుక్కలున్నాయి.

నన్ను ఉంచుకోవడానికి వాణ్ణి చంపుకుంది.

తాగాను.

ఏప్రిల్ 5

యోషిమత్సు వచ్చాడు. బండి ఖాళీ. వాగు మీద మంచు విరిగిపోయిందట. దిగలేకపోయాం పెద్దన్నా, అని గుమ్మంలోనే కూలబడ్డాడు. కోటు, మేజోళ్ళు గుడిసెలో పొయ్యి పక్కన పెట్టి వచ్చాడట. మంచి పని చేశావు అన్నాను.

ఏప్రిల్ 26

వాగు పొంగింది. ఇంట్లోకి వినిపిస్తోంది. కిను కిటికీ మూసింది. నేను తెరిచాను. మళ్ళీ మూసింది.

ఊరుకున్నాను.