నువ్వు పంపిన నాలుగు చక్రాలు

జూలూరుపాడు,
శుక్రవారం.

చిరంజీవి షాబాజ్‌కు అబ్బా దువాలు. ఇక్కడ నేను, మీ అమ్మీ, నీ చెల్లెలు తబస్సుం బాగానే ఉన్నాం. పూణేలో నీ ఒంట్లో కులాసాగా ఉందని తలుస్తాను. ఫోన్‌లో నేను గొంతు పెంచితే నువ్వు పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు కదా, అందుకే రాస్తున్నాను.

చక్రాలతో పాటు పంపిన చీటీలో "ఇవి బిగించినంక జీపు ఎట్లుంటది అబ్బా?" అని అడిగావు. ఏముంది! అవి ఉన్నన్నాళ్లూ, మూడో గేరులో ఎక్కే గుట్టను రెండో గేరులో రొప్పుతూ ఎక్కింది. డీజిల్ నీళ్లలా తాగింది. గుంత కనబడితే చాలు, మీ అమ్మీ కల్మా చదివేది. ఆ మెరిసే రిమ్ములు, ఆ వెడల్పు టైర్లు ఎవరి కోసం? మన జీపు ఎక్కేది తండాల నుంచి దవాఖానాకు పోయే జనం. వాళ్లలో ఒక్కరైనా రిమ్ము చూసి బండెక్కారా?

అవి నీకు అంటగట్టిన షాపువాడు గ్రిప్పు పెరుగుతుందన్నాడట. మరి బరువు సంగతి ఎందుకు చెప్పలేదు? తలమీద తట్టతో ఎంత దూరమైనా నడుస్తాం. అదే బరువు కాళ్లకు కట్టుకొని పరుగెత్తి, ఉన్నట్టుండి ఆగమను వాణ్ణి! ఇంజను చక్రం బరువును మోసుకుపోవడమే కాదు, తిప్పాలి కూడా. ఆ తిరుగుడును మళ్లీ బ్రేకు ఆపాలి. మన టైర్ల దుకాణంలో పెరిగిన నీకు ఇది రాయాల్సి వచ్చినందుకు ఒళ్లు మండుతోంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పోయిన మంగళవారం తండాలో ఉండే చందూలాల్ భార్య పూలికి నొప్పులొస్తే ఇద్దరినీ జీపులో తీసుకొస్తున్నాను. అడవి దిగుడులో మేకలు అడ్డమొచ్చాయి. ఎప్పుడూ ఆగేచోట జీపు ఆగలేదు. తప్పించబోయి కల్వర్టు గోడకు గుద్దాను. పూలి నుదురు పగిలింది. అల్లా దయవల్ల తల్లీబిడ్డా దక్కారు. దవాఖానా ముందు చందూలాల్ నా కాలరు పట్టుకున్నాడు.

"గట్లెట్ల గుద్దినవ్ పాషా భాయ్? బండికి ఏమైంది?"

"బ్రేకులు పడలే" అన్నాను.

ఆ ముందు వారమే బ్రేకులు బాగుచేసింది మన పగిడయ్య. సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. రెండు రోజులు అతని షెడ్డుకు ఒక్క బండీ రాలేదు.

నీ మీద ఇంతసేపు అరిచాను కదా, ఇదీ విను. బిగించే ముందు ప్రతి చక్రాన్నీ చేతులతో ఎత్తి చూడటం నా అలవాటు. నీవి కూడా ఎత్తాను. మొదటిది లేపగానే నాకు తెలిసిపోయింది. అయినా బిగించాను. నా కొడుకు పంపాడని బజారంతా తిప్పి చూపించాలనిపించింది. నువ్వు తెలియక చేశావు. నేను తెలిసి చేశాను.

నిన్న చందూలాల్‌ను వెంటబెట్టుకొని, ఒక చక్రం దొర్లించుకుంటూ పగిడయ్య షెడ్డుకు పోయాను. ఎత్తి చూడమన్నాను. అతను ఎత్తి, మెల్లగా దించాడు.

"గింత బరువని తెలిసే బిగించినవా పాషా?"

"అవ్" అన్నాను. చందూలాల్ వింటూ నిలబడ్డాడు.

పాత చక్రాలు మళ్లీ ఎక్కించాను. నీవి అమ్మను. అమ్మితే ఇంకెవరి బండికో ఎక్కుతాయి. దుకాణంలో గోడకు ఆనించి ఉంచాను. వచ్చినప్పుడు ముందు ఒకటి ఎత్తి చూడు. తర్వాత నా వెంట తండాకు రా. పూలి నుదుటి మీద ఐదు కుట్లున్నాయి.

ఇట్లు,
తెలిసీ బిగించిన మీ అబ్బా,
అహ్మద్ పాషా