దుర్గవ్వ డబ్బా

సిద్దిపేట డివిజన్ ఆరోగ్యాధికారి గారి సముఖమునకు, రాళ్ళకుంట కాపురస్తుడు రాజమల్లయ్య వ్రాసుకొన్న అర్జీ. తేది 11-8-1998.

అయ్యా,

విషయం: మా ఊరి విరేచనాలకు మా లేగదూడలే కారణమని తీర్మానించి, తమరు నల్లా పైపు మరమ్మతు ఆపించిన సంగతి.

1. మా తాగునీటి పైపు మురుగు మోరీలోంచి పోతుంది. అక్కడే పగిలింది. ఆ పగులు కనబడడానికి కళ్ళు చాలు. తమరు మాత్రం పట్నం నుండి డాక్టరు సోమశేఖర్ గారిని జీపులో పంపారు. వారు రోగం ఉన్న ప్రతి ఇంటికి పేరు రాసిన డబ్బా ఇచ్చి, మలం నింపి తెమ్మన్నారు. పేగుల్లోని పురుగును అణువు దాకా పరీక్షించి దాని వంశం చెప్తారట. సరిపోల్చడానికి దూడల పేడ కూడా విడిగా తీసుకుపోయారు.

2. మా దిక్కు తల వెంట్రుక కూడా పరాయివాని చేతికి ఇవ్వరు. దాంతో బాణామతి, అంటే చేతబడి, చేస్తారని భయం. పేరు రాసిన డబ్బాలో మలం ఇస్తారా? ఈ మాట చెప్పబోతే డాక్టరు గారు "మూఢనమ్మకాలు వినడానికి రాలేదు" అన్నారు. నిజమే, వినలేదు. మా పక్కింటి సాయవ్వ "సారుకు పురుగే గద గావాల్సింది, మా దూడకు గూడ కడుపు పారుతున్నది" అని పేడతో డబ్బా నింపింది. ఆమెను చూసి వాడకట్టంతా ఆ దూడ వెనకనే నిలబడ్డది. వాసన చూస్తే తెలిసేది. డాక్టరు గారు ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు.

3. నా భార్య దుర్గవ్వ ఒక్కతే తనది ఇచ్చింది. నేను వద్దన్నాను. "బాణామతి జేసి నా దగ్గర ఏం దీస్కపోతడయ్యా, బొక్కలా?" అన్నది. విరేచనాలతో అప్పటికే ఎముకల గూడైంది.

4. పంచాయతీ ఆఫీసులో రిపోర్టు చదివారు. రోగుల పురుగు, దూడల పురుగు ఒకటే వంశమట. కాకుంటే వింత. దుర్గవ్వ డబ్బాలో వేరే పురుగు వచ్చిందట. మిగతావాటితో కలవలేదు కనుక పొరపాటు డబ్బా అని తీసేశారు. అయ్యా, మొత్తంలో మనిషి డబ్బా అదొక్కటే.

5. తమ ఉత్తర్వు ప్రకారం దూడలను ఊరి బయట కట్టేశాం. మోరీ నీళ్ళు మాత్రం ఇంట్లోనే తాగుతున్నాం. దవాఖానలో అడిగితే, ఊరందరికీ రాసిన దూడ పురుగు మందే దుర్గవ్వకు ఇచ్చారు. వాడుతున్నాం. ఇప్పుడు గోడ పట్టుకొని కూడా లేవడం లేదు.

కనుక తీసేసిన ఆ డబ్బాలో ఏ పురుగు ఉన్నదో చెప్పించి, దానికి తగిన మందు ఇప్పించి, పైపు అతికించవలెను. తమకు తీరిక దొరికినప్పుడు చిత్తగించవలెను. దుర్గవ్వకు మాత్రం అంత తీరిక లేదు.

తమ విధేయుడు,
రాజమల్లయ్య

తా.క. పాత డబ్బా దొరకదని తమ గుమాస్తా అంటాడు. అందుకే ఇంకొకటి ఈ అర్జీ మీదనే పెట్టి పోతున్నాను. పేరు రాశాను. ఇది మా ఇంటి డబ్బా, మూత వదులు. దుర్గవ్వ తమకు చెప్పమన్నది: "గిది దూడది గాదని సారుకు జెప్పు. నమ్మకుంటే ముక్కు గుడ్డ ఇప్పి వాసన జూస్కొమ్మను."