అవకాశ్ అంటే సెలవు

జూన్ 2, జగదల్‌పూర్

సోషియాలజీ మళ్లీ పోయింది. రెండోసారి. ఇంకొక్కసారి రాయనిస్తారట, అంతే. అదీ పోతే బీఎడ్ లేదు, టీచరు ఉద్యోగం లేదు... భోపాలపట్నంలో బాపు కిరాణా దుకాణం, అందులో నేను.

పక్క మంచం పూజ పాసు. గైడు మొత్తం బట్టీ పట్టి కక్కేసింది. కులం అంటే ఏమిటో నీ మాటల్లో చెప్పవే అంటే నోరు వెళ్లబెడుతుంది. పాసు! ఒళ్లు మండిపోతోంది.

ఇది ఇంట్లో నేర్చుకున్న తెలుగులో రాసుకుంటున్నాను కాబట్టి సరిపోయింది. ఈ హాస్టల్లో చదవగలిగేవాళ్లు లేరు.

జూన్ 3

ఎక్కడ తప్పు పోయిందో అడుగుదామని సోషియాలజీ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో! నా ఇంటర్నల్ పేపరు తీసి అందరి ముందూ పైకి చదివింది. ‘మహిళావోం కో అవకాశ్ మిల్నా చాహియే.’ కళ్లజోడు పైకి తోసి, ఆడవాళ్లకు సెలవెందుకమ్మా అని హిందీలో అడిగింది. గదంతా నవ్వులు.

అవకాశం అని రాశాననుకున్నాను. హిందీలో అవకాశ్ అంటే సెలవు. పేజీ నిండా అదే... చదువులో సెలవు, ఉద్యోగంలో సెలవు, రాజకీయాల్లో సెలవు. ఇంట్లో మాట్లాడే మాటే కదా అని నమ్మాను. ‘మేడమ్, హమారీ భాషా మే...’ అని మా తెలుగు సంగతి చెప్పబోయాను.

‘పరీక్షా హిందీ మే హై, బేటా.’

జూన్ 4

మెస్‌లో ఎవరో ‘ఛుట్టీ దీదీ’ అన్నారు, సెలవు అక్కట. పళ్లెం వదిలేసి వచ్చాను.

జూన్ 6

లచ్చి గదికొచ్చింది. గొల్లపల్లి పిల్ల. ఇంట్లో వాళ్ల దొర్లీ భాష, సంతలో నోటి తెలుగు, క్లాసులో హిందీ. పాసయింది. వాళ్ల కోర్సులో చాలా పేపర్లు ఓఎంఆర్ షీటులో గుండ్రాలు దిద్దేవే.

‘నాకు రాసుడు రాదక్కా. తప్పును పట్టుడు వస్తది. నాలుగుల మూడు కొట్టేస్తే ఒకటే మిగుల్తది గద!’

మంచి పిల్ల. అయినా దాని ముఖం చూడబుద్ధి కాలేదు.

పూజకు బట్టీ పరీక్ష. లచ్చికి గుండ్రాల పరీక్ష. నాకు వైవా. నోటితో అడగండి, చెప్తాను. తప్పు మాట దొర్లితే ఎదుటివాళ్ల ముఖంలో తెలిసిపోతుంది, ఇంకో మాట వేసి సర్దుకుంటాను. ప్రాజెక్టు వైవాలో బయటినుంచి వచ్చిన సారు ‘బహుత్ అచ్ఛా’ అన్నాడు కూడా. కానీ రాతలో విడిగా పాసవాలట. గంటల తరబడి రాయగలిగినవాళ్లే చదివినవాళ్లా? ఎవరు పెట్టారీ రూలు?

జూన్ 9

బాపు ఫోను. ‘ఇగ సాలు బిడ్డా. వచ్చి గల్లా కాడ కూసో.’ తిట్టినా బాగుండేది.

కాసేపటికి నది అవతల తెలుగు రాష్ట్రంలో ఉండే అక్క ఫోను. ‘ఏందే, గా హిందీతోని సచ్చుడెందుకు? ఈడ తెలుగుల రాయరాదు? ఇంట్ల కూసొని సదువుకో, పరీక్షకస్తే సాలు.’

నాకెందుకు తట్టలేదు ఇన్నాళ్లూ! అక్కడి ఓపెన్ డిగ్రీలో చేరితే మళ్లీ మొదటినుంచి చదవాలి. పోనీ. తెలుగులో అయితే నన్ను చూసి ఎవరు నవ్వుతారు?

జూన్ 13

సరిహద్దులో తర్లగూడ దాటి అక్క ఇంటికి. పాత ప్రశ్నపత్రం ముందు పెట్టింది. ‘సమాజంలో స్త్రీల స్థితి.’ ఆగకుండా రాశాను. హాయిగా ఉంది... ఎన్నాళ్లయిందో ఇలా రాసి.

అక్క చదువుతూ చదువుతూ ఆగింది. ‘ఆడపిల్లలందరికీ చిన్నప్పటినుంచే ఉచిత శిక్ష తప్పనిసరి.’ పొట్ట పట్టుకుని నవ్వింది. ‘ఓసి నీ పాడుగాను! ఆళ్లేం తప్పు చేసిండ్రే?’

విద్య అని రాయాలి. నాకు తెలియదా! తెలుసు. కానీ ఒకటో తరగతినుంచి పుస్తకాల్లో చూసింది హిందీ శిక్షా. తొందరలో చెయ్యి అదే రాసేసింది. కింద చూస్తే ప్రపంచం ఉండాల్సిన చోటల్లా హిందీలోలా సంసారం. ‘సంసారంలోని అన్ని దేశాలలో’ అట.

అక్క నవ్వు ఆపేసింది. ‘నేర్చుకుంటవ్ తియ్యి’ అంది, నా వైపు చూడకుండా. ఆ మాటకు ఏడుపొచ్చింది.

జూన్ 15, భోపాలపట్నం

జగదల్‌పూర్‌లో పరీక్షకూ, అక్క దగ్గర తెలుగు డిగ్రీకీ ఫారం ఇవ్వడానికి రేపే ఆఖరు. అటు వెళ్తే ఇటు అందదు.

బాపు మద్దేడ్ సంతలో బేరం సగంలో వదిలేసి వచ్చాడు. అక్క ఏం చెప్పిందో ఏమో. ‘ఇంకొక్కసారి రాయి బిడ్డా. నేను కాదన. నీకు సక్కగచ్చిన భాష ఏదో సెప్పు, దాన్లనే రాద్దువు.’

ఎంత తేలిగ్గా అడిగాడు! చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు.

‘సెప్పు బిడ్డా. రేపు పొద్దుగాల జగదల్‌పూర్ బస్సా, తర్లగూడ బస్సా?’

రెండు ఫారాలూ ముందు పెట్టుకుని ఇది రాసుకుంటున్నాను. బయట ఎవరినో టైము అడుగుతున్నాడు... రెండు బస్సులదీ.