ఫోన్ గొంతు

జూన్ 3
ఇంటర్న్‌షిప్ దొరికింది! ఎం.ఏ. ఇంగ్లిష్ చదివి ఏం ఊడబొడుస్తావని అడిగిన చుట్టాలందరికీ ఇక చెప్తాను నా సంగతి. పని ఏంటంటే, వేరే కంపెనీల కస్టమర్ కేర్ కాల్స్ విని, మాట్లాడినవాళ్లకి మార్కులు వెయ్యడం. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. అది లేకపోతే డిగ్రీ చేతికి రాదు.

అక్క ఎగిరి గంతేసింది. తనూ ఎక్కడో కస్టమర్ కేర్‌లోనే. నా కోసమే చదువు మధ్యలో మానేసి చేరింది. మా చెల్లి మార్కులేసే మేడమ్ అయిపోయిందని ఇంటి ఓనరావిడకి కూడా చెప్పొచ్చింది.

జూన్ 9
కాల్స్ గుట్టలు గుట్టలు. ఒక కిటుకు కనిపెట్టాను. మొదటి నిమిషం వింటే చాలు, ఇంగ్లిష్ ఏపాటిదో తెలిసిపోతుంది. పక్క సీటతను ప్రతి కాలూ చివరిదాకా వింటూ కూర్చుంటాడు, పాపం. నాది పదునైన చెవి అని ట్రైనర్ మెచ్చుకుంది.

జూన్ 18
ఇక్కడ ప్రతి శుక్రవారం, వారం మొత్తంలో చెత్త కాల్ ఏదో అందరికీ వినిపిస్తారు. ఈసారి ఏరే పని నాది. దొరికింది ఒకావిడ! కాల్‌లో చెప్పే పేరు పెట్టుడు పేరే, అక్కడ అందరికీ అంతే. యాస కూడా అరువు తెచ్చుకున్నట్టుంది. పదికి మూడు వేసి పంపేశాను.

జూన్ 19, సాయంత్రం
అద్దంలో నా మొహం చూసుకోబుద్ధి కావట్లేదు.

కాల్ మొత్తం వినిపించారు. కస్టమర్ ఒక ముసలాయన. భార్య పోయిందట, ఆవిడ పేరు మీదున్న ఫోన్ కనెక్షన్ తీసేయాలట. చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు. అంతే, ఇవతల ఆ అరువు యాస ఫోన్ గొంతు జారిపోయింది. అయ్యయ్యో అంది.

ఆ అయ్యయ్యో నాకు తెలుసు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినప్పుడు విన్నాను. పరీక్ష తప్పినప్పుడు విన్నాను.

అక్క.

ఇంగ్లిష్ కాల్‌లో ఆ అయ్యయ్యో వినగానే గదంతా ఘొల్లుమంది. ట్రైనర్ వెనక్కి తిప్పి మళ్లీ వినిపించింది. నేనూ నవ్వాను. గుర్తుపట్టాకే నవ్వాను. నా మొహం చూసి ఎక్కడ కనిపెట్టేస్తారోనని అందరికంటే గట్టిగా నవ్వాను. ఛీ.

తర్వాత ఆ ముసలాయనతో అక్క ఎంతసేపు మాట్లాడిందో! ఆ వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే ఓదార్చింది, భోజనం చేశారా అని అడిగింది, పని పూర్తిచేసి పెట్టింది. ఇదంతా నేను వినకుండానే మార్కు వేశాను.

జూన్ 22
అక్క ఏడుస్తూ వచ్చింది. ఎవరో మూడే మార్కులు వేశారట. వచ్చే సోమవారం మళ్లీ టెస్టు, తప్పితే ఉద్యోగం ఊడినట్టే. ఆ మార్కులేసినవాడికి చెవులున్నాయా, పోయాయా అని తిట్టిపోసింది. తిట్టి తిట్టి, నా చెయ్యి పట్టుకుంది. నువ్వే నేర్పవే, నాకింకెవరున్నారు అంది.

నేనేనని చెప్పలేదు.

జూన్ 23
ఆ మార్కు మార్చచ్చా అని ట్రైనర్‌ని అడిగాను. ఏం, కాల్ పూర్తిగా వినలేదా అంది. వినకుండా మార్కులేసేవాళ్లకి సర్టిఫికెట్ ఇవ్వరట.

విన్నానండీ అన్నాను.

జూన్ 24
సిగ్గులేనిదాన్ని.

జూన్ 26
రోజూ నేర్పుతున్నాను. కస్టమర్ ఏడిస్తే అయ్యయ్యో అనకూడదు, ఓ డియర్ అనాలి అని చెప్పాను. అక్క గిన్నెలు తోముతూ కూడా అదే వల్లె వేస్తోంది. పాతది నోట్లోంచి వచ్చేస్తే నాలుక్కరుచుకుని, సారీ టీచర్ అని నవ్వుతోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడంలేదు.

జూన్ 29
పాసైంది. పదికి తొమ్మిది! ఉద్యోగం నిలబడింది. నన్ను పట్టుకుని ఊపేసింది. అంతా నీ చలవేనే అంది.

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. తన సంతోషం చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. అబద్ధం. భయమేసి ఊరుకున్నాను.

జూలై 4
పొద్దున పాలు పొంగి నా చెయ్యి కాలింది. అబ్బా అని అరిచాను. అక్క పరిగెత్తుకొచ్చి నా చెయ్యి కుళాయి కింద పెట్టింది.

ఓ డియర్ అంది.