పది బస్తాల నీళ్లు

హనుమకొండ
14-9-1982

చిరంజీవి మల్లికార్జున్‌కు,

అమ్మ నిండా దీవించి రాస్తున్నది. నేనూ బాపూ బాగున్నాం. ఇంట్లో అందరూ క్షేమమని రాయబోయి కలం ఆపాను. ఈసారి ఆ మాటలో కొంచెం లోటుంది. అది తర్వాత చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాయనీ, లేకపోతే ఒక్కటీ గుర్తుండదు.

వాల్తేరులో సముద్రం పక్కనే చదువుకుంటూ, ఆ సముద్రాన్ని మన ఇంటికి మోసుకొస్తానంటావు. హనుమకొండలో పగడాలు పెంచి చూపిస్తానని మీ సారుతో పందెం కాశావట. ఆ పందెంలో అమ్మనూ బాపునూ కూడా ఒడ్డావని ఆయనకు తెలుసా?

ఆరడుగుల గాజుతొట్టి ముందుగదిలో పెడితే బండలు ఆగుతాయా అని అడిగావు. నీళ్లు, రాళ్లు, గాజు, స్టాండు అన్నీ కలిసి పది క్వింటాళ్లన్నావు. బాపు ఏం చేశాడో విను. "దసరాదాక నువ్వు చిన్న తొట్టిల పెట్టిన ఆ రెండు చేపలు బతికితె అప్పుడు సూద్దాం. అప్పటిదాక నా ముంగట తొట్టి ముచ్చట తియ్యద్దు" అన్నది ఆయనే కదా. పోయిన వారం హమాలీ సాంబయ్యతో సరిగ్గా పది క్వింటా బియ్యం బస్తాలు తెప్పించి, తొట్టి కోసం నువ్వు బొమ్మ గీసి చూపించిన గోడ పక్కనే పేర్పించాడు. ఎందుకని అడిగితే "దుకాన్ల జాగ లేదు" అన్నాడు. దుకాణంలో ఎలుకలు కబడ్డీ ఆడుకునేంత జాగా ఉంది. రోజూ పొద్దున్నే వంగి బండల సందులు చూసుకుంటున్నాడు. ఇంతవరకూ ఒక్క బండ కూడా కుంగలేదు.

అర అంగుళం గాజు ఇక్కడ దొరకదట, హైదరాబాద్ నుంచి తెప్పించాలట. కరెంటు పోతే గాలిపంపు ఎట్లా అన్నావు. మన దగ్గర పోతే అనకు, పోయినప్పుడల్లా అను. రైస్‌మిల్లులో పాత లారీ బ్యాటరీ ఒకటి ఉంది, దానితో నడిచే పంపు నువ్వే వెతుక్కో. ఆరు ట్యూబులైట్లంటే బాపు గుండె ఆగుతుంది, నాలుగుతో మొదలుపెట్టు. పగడాలకు సున్నపు తేట కావాలన్నావు. రాతిసున్నం నానబెట్టి పైతేట తీయడం నాకు నేర్పాలా? నువ్వు రైల్లో పంపిన సముద్రపు నీళ్ల క్యాన్లు కాజీపేటలో దించుకున్నాం. "మన దుకాన్ల ఉప్పుండంగ నీళ్లకు రైలు కిరాయా?" అని నవ్వుతూ బాపు పిడికెడు కల్లుప్పు పట్టుకుని తొట్టిదాకా వచ్చాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లో అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. రెండుసార్లూ నేను దాటవేశాను. చిన్న తొట్టిలో చేపలు తింటున్నాయా అన్నావు.

తినలేదు బిడ్డా. నువ్వు ఇచ్చిపోయిన డబ్బాలో పొడిని వాసన కూడా చూడలేదు. పెసరపప్పు ఉడికించి మెదిపి వేశాను. అటుకులు నానబెట్టి వేశాను. పక్కకు తిరిగిపోయాయి. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నువ్వూ అట్లాగే నోరు మూసుకుని గోడవైపు తిరిగేవాడివి. గిన్నెలు తోమే చిలుకమ్మ చూసి, "అమ్మా, గవి పప్పు తినే చేపలు గావు. జర రొయ్యపొట్టు నానేసి ఏసి సూడు" అన్నది. ఏకాదశినాడు ఉల్లిగడ్డను కూడా గడప దాటనివ్వని ఇల్లు మనది. చెవులు మూసుకున్నాను. రెండోరోజు నేనే దాన్ని పిలిచి తెమ్మన్నాను.

పదకొండు రోజులు, బాపు దుకాణానికి పోగానే పెరట్లో కూర్చుని, ఈ చేతులతోనే రొయ్యపొట్టు చిదిమి తెచ్చి తొట్టిలో వేశాను. తిన్నాయిరా! ఎగబడి తిన్నాయి. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. కానీ ఆ చేతులతో దేవుడి దీపం ముట్టుకోవడానికి భయమేసింది. పసుపుతో కడిగినా, చింతపండుతో తోమినా వాసన పోలేదనిపించేది. మోకాళ్ల నొప్పులని అబద్ధం చెప్పి దీపం బాపుతో పెట్టించాను.

ఆ తర్వాత నీళ్లు తెల్లగా మసకబారాయి, నీచు కొట్టాయి. మొన్న శనివారం చిన్న చేప ఒరిగిపోయి పైకి తేలింది. నా పాపమే దాన్ని చంపిందని తొట్టి ముందు కూలబడి ఏడ్చాను. అప్పుడే బాపు భోజనానికి వచ్చాడు. ఇక దాచలేక అంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన నా పక్కనే కింద కూర్చుని, జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులోనూ రొయ్యపొట్టే.

"నేను సుత ఏస్తాన. సాంబయ్యతోని తెప్పిచ్చిన. దినాం పొద్దుమూకంగ, నువ్వు చాయ్ పెట్టేటప్పుడు."

రోజూ సాయంత్రం రెండోసారి స్నానం చేస్తుంటే ఉక్కపోతకని అనుకున్నాను. ఆయనకు తెలియకుండా నేను పొద్దున, నాకు తెలియకుండా ఆయన సాయంత్రం. తినగా మిగిలినదంతా ఆ కొద్ది నీళ్లలో కుళ్లింది. ఇద్దరం కలిసి సగం నీళ్లు తోడిపోసి, నీ క్యాన్లలోవి నింపాం. చనిపోయినదాన్ని జామచెట్టు కింద పూడ్చాం. బాపు ఆ పూట అన్నం ముట్టలేదు.

"దసరా షరతు ఓడిపోయినం కద" అన్నాను. బాపు ముందుగదిలోకి పోయి బస్తాల కింది బండల సందులు మరోసారి వంగి చూసుకున్నాడు. తర్వాత, "చిన్న తొట్టిల జరంత ఎక్కువైతె పానం తీస్తది. పెద్ద తొట్టిల నీళ్లు జల్ది కరాబ్ గావని రాసిండు గద పోరడు. పెద్దదే పెట్టుమని రాయి" అన్నాడు. రాస్తున్నాను.

నువ్వు పంపిన సామాన్ల జాబితాలో రొయ్యపొట్టుకు విడిగా ఒక చాకు, ఒక గిన్నె కూడా చేర్చు. పెరట్లో నల్లా పక్కన వాటికొక అర కట్టించు. ఏ పూట ఎవరు వెయ్యాలో, ఎంత వెయ్యాలో కాగితం మీద రాసి గోడకు అంటించు. మా ఇద్దరి మాటా నమ్మకు. చేప పోయినందుకు నన్ను తిట్టాలనుంటే తిట్టు, పడతాను.

మిగిలిన చేప ఇవాళ పొద్దున నా వేళ్ల దగ్గరికే వచ్చి తిన్నది. తర్వాత తలస్నానం చేసి, ఇన్నాళ్ల తర్వాత దీపం నేనే పెట్టాను. చేతులు వాసన చూసుకోలేదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అమ్మ,
సరస్వతి