బతుకెలా ఉందండీ?

కొల్లేటి లంక,
1956, మాఘమాసం.

పాపారావు గారికి, ఈ లంక బడిపంతులు నమస్కరించి రాసుకునే మనవి.

వాల్తేరులో ఎమ్మే చదివిన మీ అమ్మాయి మా ఇంట దిగి జాలరి గుడిసెల వెంట తిరగడం పరువు తక్కువనీ, వెంటనే తాడేపల్లిగూడెం పంపెయ్యమనీ రాశారు. ఆవిడకి ఆ మాట చెప్పేముందు ఒక సంగతి మీ చెవిన వెయ్యాలి.

ఇక్కడికొచ్చే ఆఫీసర్లు వలలెన్ని, దోనెలెన్ని అని అడిగి వెళ్ళిపోతారు. మనిషి బతుకు ఆ మనిషికెలా ఉందో తెలుసుకోవడమే తన పరిశోధన అన్నారు మీ అమ్మాయి చంద్రావతి గారు. ఇదీ ఒక చదువేనా అని నాకు నవ్వొచ్చింది.

మొన్న నేనూ వెంట ఉండగా ఆవిడ పెద్దింటమ్మ అనే జాలరి మనిషి గుమ్మంలో కూర్చున్నారు. తుఫానుకి మొగుడూ కొడుకూ కొల్లేట్లో పోయాక పెద్దింటమ్మ గడప దాటలేదు.

"బతుకెలా ఉందండీ?" అని అడిగారు చంద్రావతి గారు. పెద్దింటమ్మ నోరు విప్పింది.

"కూడు పెడతన్నారండీ. నాతో పనుందని మాత్రం ఎవరూ పిలవరండీ."

"నాకుందండీ పని. పక్క లంకకెళ్ళాలి. నాకు దోనె నడపడం రాదు."

ఆ కొల్లేట్లోకే రమ్మంటారా అని నేను అడ్డు చెప్పబోయాను. పెద్దింటమ్మ లేచి, చూరులోంచి దోనె నడిపే గెడ లాగింది.

ఇలాంటి చదువు ఒకటుందని నాకింతవరకూ తెలియదండీ.

అమ్మాయిని పంపమన్నారు. ఎలా పంపేదండీ? ఇద్దరూ ఇప్పుడే మరో లంకకి బయల్దేరారు. నీళ్ళ మీదుగా పెద్దింటమ్మ నవ్వు ఇక్కడికి వినిపిస్తోంది.

మీ మన్నన కోరే,
బడిపంతులు