రేడియేటర్‌లో చెరువు నీళ్ళు

మంగళవారం.

కొల్లేటికోటలో చేపల చెరువులున్న సుబ్బరాజు, కారును ట్రాక్టరుకు కట్టి గూడెంలో మా మెకానిక్ షెడ్డుకు తెచ్చాడు. "పిస్టన్ రింగులు పోయాయండీ, మా బావమరిది చెప్పాడు," అన్నాడు. ఆ బావమరిది జన్మలో స్పానర్ పట్టలేదు.

ప్లగ్గులు తీసి గేజి పెట్టాను. మధ్య రెండు సిలిండర్లలో కంప్రెషన్ సగం కూడా లేదు. వాటిలో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూశాను. రింగులే పోతే ఆ ఆయిల్ సందులు మూసి గేజి ముల్లు పైకి లేవాలి. కదల్లేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఇలా ఉన్నాయంటే వాటి మధ్య గాలి దాటకుండా ఆపే హెడ్ గాస్కెట్ కాలిపోయిందన్నమాట. బండి బాగా వేడెక్కి ఉండాలి. రేడియేటర్ మూత తీశాను. లోపలంతా పాచి పట్టి గొట్టాలు పూడుకుపోయాయి, చేపల నీచు వాసన.

"చెరువు నీళ్ళు పోశారాండీ?"

"మంచి నీళ్ళేనండీ. చేపలు బతుకుతున్నాయి కదండీ."

చేపల కోసం అవే నీళ్ళకు వారం వారం పరీక్ష చేయించే మనిషి. ఇంజనుకు చేపపాటి విలువ లేదు. ఇలాంటి వాళ్ళకు కారెందుకు, పడవ చాలదూ? ఒళ్ళు మండి, "ఏ బుద్ధిమంతుడు పొయ్యమన్నాడండీ?" అని షెడ్డులో అందరి ముందూ అడిగాను.

ఆయన మెల్లగా అన్నాడు. "మీరేనండీ. వేసవిలో చెరువు గట్టు మీద బండి ఆగిపోతే ఫోన్ చేశాను కదండీ. ఏ నీళ్ళయినా పర్లేదు, పోసేయండి అన్నారు."

అన్నాను. తర్వాత ఆ నీళ్ళు తీసేసి, ఇంజన్ని చల్లగా ఉంచే కూలెంట్ పోయించుకోమని మాత్రం చెప్పలేదు. అన్నం చల్లారిపోతోందని ఫోన్ పెట్టేశాను.